మంచు లెక్కలకు కోత

ధ్రువ ప్రాంతాల పరిశోధన అనగానే మంచును చీల్చుకుపోయే నౌకలు, సాహసయాత్రలు గుర్తుకొస్తాయి గానీ, ఆ శాస్త్రానికి ప్రాణం ఏళ్ల తరబడి ఒకే తీరున, ఎవరి కంటా పడకుండా సాగే కొలతల్లో ఉంది. అంటార్కిటికాలోని హాలీ కేంద్రంలో బ్రిటిష్ పరిశోధకులు 1950ల చివరి నుంచి ఓజోన్‌ను కొలుస్తూ వచ్చారు. తొలి పదిహేనేళ్లలో ఆ అంకెల వల్ల ఒరిగిందేమిటని ఎవరైనా నిలదీసి ఉంటే చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. 1985లో జో ఫార్మన్, బ్రయన్ గార్డినర్, జొనాథన్ షాంక్లిన్ ఆ అంకెలనే ముందుంచుకుని, దక్షిణ ధ్రువ వసంతంలో ఓజోన్ పొర ఎంతగా పలచబడుతోందో లోకానికి చూపారు. రెండేళ్లకే, ఓజోన్‌ను హరించే రసాయనాలకు అడ్డుకట్ట వేసే మాంట్రియల్ అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. ఫలితం ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియని ఇటువంటి పనికి ప్రజాధనమే దిక్కు. దాతలు కొత్త ఆవిష్కరణకు ముందుకొస్తారు గానీ, అదే పరికరంతో తీసే ముప్పయ్యో ఏటి కొలతకు రారు.

అమెరికాలో 2025 నుంచి జరుగుతున్నది ఆందోళన కలిగిస్తున్నది అందుకే. శాస్త్ర పరిశోధనలకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు అప్పటికి ఇస్తున్న సుమారు 900 కోట్ల డాలర్లను 390 కోట్లకు కుదించాలని 2026 ఆర్థిక సంవత్సరానికి శ్వేతసౌధం ప్రతిపాదించింది. అంటార్కిటికా సముద్రాల్లో మూడు దశాబ్దాలుగా పరిశోధకులను మోసిన నథానియెల్ పామర్ నౌక లీజును వదులుకోవాలన్నదీ ఆ ప్రతిపాదనల్లో భాగమే. సముద్రపు మంచు విస్తీర్ణాన్ని లెక్కగట్టడానికి ఆధారమైన సైనిక వాతావరణ ఉపగ్రహాల సమాచారాన్ని నిలిపివేస్తామని అదే ఏడాది జూన్‌లో ప్రకటించి, ఆ తరువాత గడువు పొడిగించారు.

ఇక్కడ పోయేదేమిటో అర్థం కావాలంటే ఆ లెక్క ఎలా నడుస్తుందో తెలియాలి. 1978 చివరి నుంచి ఉపగ్రహాల మీద ఉపగ్రహాలు మారుతున్నా సముద్రపు మంచు చిట్టా కొనసాగుతూనే ఉంది. పాతది పనిచేస్తుండగానే కొత్తది ఎగిరి, రెండూ కొంతకాలం ఒకే మంచును కొలిస్తేనే వాటి మధ్య తేడాను సరిదిద్దడం సాధ్యం. నడుమ ఖాళీ వస్తే, ఆ తరువాత కనిపించే తగ్గుదల మంచుదో పరికరానిదో నమ్మకంగా తేల్చడం కష్టం. కోసిన నిధులను మరుసటి ఏడాది తిరిగి ఇవ్వవచ్చు. తీయని కొలతను ఎంత సొమ్ము పోసినా వెనక్కి వెళ్లి తీయలేరు.

నిధులతోపాటు, మహిళలు సహా అన్ని వర్గాలవారినీ పరిశోధనలో కలుపుకునేందుకు వైవిధ్యం, సమ్మిళితత్వం పేరిట సాగే కార్యక్రమాల మీదా వేటు పడింది. 2025 ఏప్రిల్ నుంచి ఫౌండేషన్ ఈ కోవకు చెందిన అనేక గ్రాంట్లను రద్దు చేసింది. ప్రతిభ ఒక్కటే కొలమానం కావాలన్నది ఈ రద్దును సమర్థించేవారి వాదన. మంచిదే, అయితే మహిళలను అంటార్కిటికాకు చేర్చేందుకు అమెరికా నౌకాదళం 1969 దాకా ఒప్పుకోకపోవడానికి, బ్రిటన్ అంటార్కిటికా సర్వే సంస్థ 1980ల వరకు మహిళా శాస్త్రవేత్తలను అక్కడి క్షేత్ర పరిశోధనకు పంపకపోవడానికి ఏ ప్రతిభా పరీక్ష కారణం? తలుపులు తెరుచుకున్నాకా పరిస్థితి చక్కబడలేదని అమెరికా అంటార్కిటికా పరిశోధన కార్యక్రమంపై 2022లో వెలువడిన నివేదిక తేల్చింది. ఆ నివేదిక కోసం జరిపిన సర్వేలో పాల్గొన్న మహిళల్లో 59 శాతం మంది లైంగిక వేధింపుల లేదా దాడుల చేదు అనుభవాలు చెప్పారు. శీతాకాలంలో నెలల తరబడి విమానాలు రాని శిబిరంలో బాధితురాలు, వేధించినవాడు ఒకే కప్పు కింద గడపాల్సి వస్తుందన్న సంగతి మరువరాదు.

ఉత్తర ధ్రువ ప్రాంత స్థానికులను పరిశోధనలో కలుపుకోవడమూ మర్యాద కోసం కాదు, లెక్క సరిపోవడం కోసం. 1977లో బోహెడ్ తిమింగిలాలు అంతరించే దశలో ఉన్నాయన్న అంచనాతో అంతర్జాతీయ తిమింగిలాల కమిషన్ అలాస్కాలోని ఇన్యూపియాట్ ఆదివాసుల తిమింగిలాల వేటను నిషేధించింది. తిమింగిలాలు మంచు కిందుగా, ఒడ్డుకు దూరంగా కూడా సాగిపోతాయని, ఒడ్డు మంచు మీద నిలబడి లెక్కిస్తే అవి కనబడవని వేటగాళ్లు మొదటి నుంచీ చెబుతున్నారు. తరువాత నీటిలో మైక్రోఫోన్లు దించి విన్నప్పుడు వారి మాటే నిజమైంది. సంఖ్య అంచనాకు ఎన్నో రెట్లుందని తేలింది.

సమ్మిళితత్వం పేరిట నడిచిన ప్రతి కార్యక్రమమూ ఫలించిందని మేం అనడం లేదు. ఫలించనివాటిని పరిశీలించి మార్చడం ప్రభుత్వ బాధ్యతే. ఆ నెపంతో మొత్తానికే ఎసరు పెట్టడాన్నే మేం వ్యతిరేకిస్తున్నాం. ఉన్న ఉపగ్రహాలు ఆగేలోపు వాటి స్థానంలోకి వచ్చేవాటిని సిద్ధం చేయడానికి, శీతాకాలపు శిబిరాల్లో స్వతంత్ర ఫిర్యాదుల యంత్రాంగానికి, స్థానిక పరిశీలకుల వేతనాలకు అమెరికా కాంగ్రెస్ ఏడాదికోసారి బేరమాడే పద్ధతి మాని, దీర్ఘకాలిక కేటాయింపులు చేయాలి.