'ఐ అగ్రీ' బటన్ గారికి ఓ డైరీగాడి ఉత్తరం

మహారాజశ్రీ 'ఐ అగ్రీ' బటన్ గారికి,

విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. నా కుశలం మీకు కొత్తగా చెప్పక్కర్లేదు లెండి. మొన్న రాత్రి ఆన్‌లైన్ డైరీలో 'మోకాలు నొప్పి' అని రెండు ముక్కలు రాసుకుని పడుకున్నాను. తెల్లారేసరికి ఫోన్ నిండా మోకాలి బెల్టులే. ఆ నొప్పి సంగతి అప్పటికింకా మా ఆవిడకే తెలీదు.

మన పరిచయం 2014 నాటిది. సెప్టెంబరు 30న ఆర్కుట్ అనే కబుర్ల సైటు మూతపడింది. సరిగ్గా పన్నెండు రోజులకి హుద్‌హుద్ వచ్చింది. కిటికీ అద్దాలు పోయి, బీరువా మీద పెట్టిన కాగితం డైరీలన్నీ నాని ముద్దయిపోయాయి. ఆర్కుటే నయం, రాసుకున్నవి పట్టుకుపొమ్మని రెండేళ్లు గడువిచ్చింది. తుపానుకి అలాంటి మర్యాదల్లేవు. అప్పుడు మా మేనల్లుడు "ఆన్‌లైన్లో రాసుకో మావయ్యా, గాలొచ్చినా వానొచ్చినా పోదు" అని ఏదో యాప్ ఎక్కించాడు. చాంతాడంత షరతులు. వాటి చివర నీలం రంగులో, పీటల మీద పెళ్లికొడుకులా మీరు. పక్కన ఇంకో బటనేదీ లేదు. నొక్కేశాను.

అదే నేను ఇల్లు అద్దెకి తీసుకునేటప్పుడు చూడాలి మీరు. నీళ్లు ఎన్ని గంటలకొస్తాయి, మెయింటెనెన్స్ ఎంత, అడ్వాన్స్ తిరిగిస్తారా, ఖాళీ చెయ్యాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి... ఓనరు ప్రాణం తీస్తాను. ఉప్పుగాలికి గ్రిల్ తుప్పు పట్టిందేమోనని గోటితో గీకి మరీ చూస్తాను. మనసులో మాటలు దాచుకునే చోటుని మాత్రం ఒక్క ప్రశ్నా అడగలేదు.

ఖాళీ చేద్దామనుకున్నాక గానీ ఆ ప్రశ్నేంటో తెలియలేదు. నా డైరీ మొత్తం ఒక ఫైలుగా ఇచ్చెయ్యమంటే అలాంటి ఏర్పాటే లేదు. అకౌంట్ తీసెయ్యమంటే 'మిమ్మల్ని మిస్సవుతాం' అని ఏడుపు బొమ్మ. మా పాత ఓనరు ఎంత పిసినారైనా, నా సామాను లోపలుంచి తాళమైతే వెయ్యలేదు.

కోపమొచ్చి మీ ఘనచరిత్ర కూడా చదివాను. 1999లో పుట్టిన ఆన్‌లైన్ డైరీల సైటు లైవ్‌జర్నల్‌ని 2005లో ఒక కంపెనీ కొంది, 2007లో రష్యా కంపెనీ కొంది. ఇల్లు చేతులు మారినప్పుడల్లా అద్దెకున్నవాళ్ల ఉత్తరాలూ కొత్త ఓనరు చేతికే. 2016 చివర్లో సర్వర్లు రష్యా చేరాయి. 2017 ఏప్రిల్లో కొత్త షరతులొచ్చాయి, ఒప్పుకుంటేనే లోపలికి. వాటి ఇంగ్లిష్ అనువాదం మీద ఒక ముక్క రాసుంది: ఇది చట్టపరంగా చెల్లదు, రష్యన్‌లో ఉన్నదే అసలు పత్రం. చదవలేని పత్రం మీద వేలిముద్ర వేయించుకునే విద్య మా తాతల కాలం నాటి షావుకార్లతోనే పోయిందనుకున్నాను సుమండీ.

లైవ్‌జర్నల్‌లో పనిచేసి బయటికొచ్చినవాళ్లే అదే కోడ్ తీసుకుని 2009లో డ్రీమ్‌విడ్త్ అనే ఇంకో డైరీ సైటు పెట్టారు. ప్రకటనలుండవు. ఇష్టపడి డబ్బు కట్టేవాళ్ల మీదే నడుస్తోంది. లైవ్‌జర్నల్‌లోని రాతల్ని మూటగట్టి తెచ్చుకోనిస్తుంది. మా మేనల్లుడు చూసి "ఇదేంటి మావయ్యా, పాత సర్కారాఫీసులా ఉంది" అని పెదవి విరిచాడు. నాకదే నచ్చింది. సర్కారాఫీసులో నా ఫైలు తీసి చదివే ఓపిక ఎవరికుంది?

అసలు విషయానికొస్తాను. 2023లో మన దేశంలో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంత తేలికగా ఉండాలంటోంది. అంటే మీకు జోడీ రావాలన్నమాట, 'ఒప్పుకోను' బటన్. పిల్లని చూసుకోండి. సింహాచలంలో పెళ్లి ఖర్చు నాది.

ఇట్లు,
మీరు ఇన్నాళ్లూ చదువుతున్నవాడు

తా.క.: ఒక్కో పేజీ చేత్తో కాపీ చేసుకుంటున్నాను. 2017 మార్చి దాకా వచ్చాను. మోకాలితో పాటు ఇప్పుడు మణికట్టు కూడా. బెల్టులు పంపించకండి.