వెల్డింగ్ షెడ్డులో సోఫా ఎక్కడ వేయాలి?

తెలుగు మధ్యతరగతి గృహస్థుకు జీవితంలో చాలా విషయాల మీద స్పష్టత ఉండదు. పిల్లల చదువు, ఈఎంఐ, మోకాళ్ళ నొప్పి, అన్నీ అయోమయమే. ఒక్క విషయంలో మాత్రం ఈ మధ్య గట్టి నిర్ణయానికి వచ్చేశాడు. ఇంటి వెనకాల తనకంటూ ఒక ఇనుప పని షెడ్డు కావాలి. అందులో నలుగురు మిత్రులు కూర్చోవడానికి ఒక అడ్డా ఉండాలి. ఈ డిమాండు న్యాయమైనదని, దేశాభివృద్ధికి అవసరమైనదని నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా, ఇనుమే ఎందుకు? సదరు గృహస్థు ఇంట్లో కాస్త చోటు సంపాదించుకోవాలని ఇంతకుముందు కూడా ప్రయత్నించాడు. హోం థియేటర్ పెట్టించాడు, పిల్లలు కార్టూన్లతో ఆక్రమించారు. ట్రెడ్‌మిల్ కొన్నాడు, దాని మీద తువ్వాళ్ళు ఆరుతున్నాయి. మిద్దె తోట వేశాడు, వంకాయలు కాసే సమయానికి అది అత్తగారి పాలన కిందకు వెళ్ళిపోయింది. చెక్క పని నేర్చుకుందామా అంటే, ఉలి పట్టిన మర్నాడే పోపుల డబ్బాలకు అర చేసిపెట్టమంటారు. ఇనుముకు ఈ ఇబ్బందులేవీ లేవు. మురికి, మోత, కాలిన వాసన, కాలికింద గుచ్చుకునే రజను. ఇంట్లో వాళ్ళెవరూ ఇష్టపడి అటువైపు రారు. చోటు కోసం ఇంతకంటే గట్టి కంచె ఏముంటుంది?

నిజంగా పనే చేయాలనుకుంటే హైదరాబాద్‌లో దారులున్నాయి. రాయదుర్గంలో 2023 మార్చిలో టీ-వర్క్స్ తెరిచారు. ఏదైనా వస్తువుకు నమూనా తయారుచేసుకోవాలనుకునేవాళ్ళ కోసం అక్కడ లక్షణమైన మిషన్లు పెట్టారు. కానీ అక్కడికి వెళితే నిజంగానే ఏదో ఒకటి తయారుచేయాల్సి వస్తుంది. గృహస్థు అంత దూరం ఆలోచించలేదు.

కాబట్టి షెడ్డు కడదాం. ఇక్కడొక తాత్విక చిక్కు ఎదురవుతుంది. షెడ్డంటే ఇనుప స్తంభాలు, పైన ట్రస్సు అనే ఇనుప చట్రం, దాని మీద రేకులు. అంతా వెల్డింగ్ పనే. వెల్డింగ్ చేయాలంటే షెడ్డుండాలి, షెడ్డు లేవాలంటే వెల్డింగ్ రావాలి. విత్తు ముందా చెట్టు ముందా అన్న ప్రశ్నకు మన పూర్వీకులు సమాధానం చెప్పలేదు గానీ ఈ ప్రశ్నకు సందు చివర వెల్డింగ్ షాపు ఉస్తాద్ దగ్గర సమాధానం ఉంది. ఆయన హవాయి చెప్పులతో, పాత నల్ల కళ్ళజోడుతో వస్తాడు. వారం తిరక్కుండా షెడ్డు నిలబెట్టి, అడ్వాన్సు పోను మిగతా డబ్బు తీసుకుని వెళ్ళిపోతాడు. అంత మోజుపడి కట్టిన షెడ్డులో జరగబోయే అతి పెద్ద వెల్డింగ్ పని అక్కడితో అయిపోయిందని అప్పటికి ఎవరికీ తెలియదు.

తర్వాతది వాస్తు. ఇది తేలికగా తీసుకునే విషయం కాదు. బరువు నైరుతిలో ఉండాలి కాబట్టి ఇనుమును తిప్పుతూ చెక్కే లేత్ మిషన్ అక్కడ. నిప్పు ఆగ్నేయంలో ఉండాలి కాబట్టి కొలిమి, వెల్డింగ్ మిషన్ అక్కడ. నీళ్ళు ఈశాన్యంలో ఉండాలి కాబట్టి కాలిన ఇనుమును ముంచే తొట్టి అక్కడ. వాయవ్యం గాలికీ అతిథులకూ అనుకూలం, పైగా వచ్చేవాళ్ళు రెండూ అయ్యుంటారు కాబట్టి సోఫా అక్కడ. కాగితం మీద చూస్తే ముచ్చటేస్తుంది. ఆచరణలో ఒక చిన్న సమస్య. ఎర్రగా కాలిన ముక్కను పట్టకారుతో పట్టుకుని ఆగ్నేయం నుంచి ఈశాన్యానికి పరుగెత్తాలి. అంటే తూర్పు గోడ పొడవునా, సరిగ్గా తూర్పు ద్వారం ముందునుంచి. అదే సమయానికి ఆ ద్వారంలోంచి ఎవరైనా పకోడీల పళ్ళెంతో లోపలికి వస్తే ఏమిటి గతి అని అడిగితే, సిద్ధాంతిగారు పంచాంగం మూసి, ఆ వేళకు పకోడీలు వద్దన్నారు. ఈ ఒక్క షరతు మీద ప్లాను మొత్తం మార్చాల్సి వచ్చింది. ప్రస్తుతం తొట్టిలో నీళ్ళు తీసేసి కూల్‌డ్రింకులు, ఐసు వేస్తున్నారు. ఈశాన్యంలో చల్లదనం ఉంటే చాలునట.

వాస్తు ఒప్పుకున్నా అమెరికా ఒప్పుకోదు. వెల్డింగ్, గ్రైండింగ్ జరిగే చోటికి 35 అడుగుల లోపు కాలే వస్తువులేవీ ఉండకూడదని అక్కడి అగ్నిప్రమాద నివారణ ప్రమాణం. నిప్పురవ్వలు అంత దూరం ఎగిరిపోతాయి. మన షెడ్డు పొడవు 20 అడుగులు. సోఫాలో ఫోము, మీద రెగ్జిన్. లెక్క ప్రకారం సోఫా పక్కింటి హాల్లో వేయాలి. అలాంటప్పుడు వాళ్ళ సోఫాలోనే కూర్చోవచ్చు కదా అని కొందరు విమర్శకులు అంటున్నారు. వాళ్ళకు ఉద్యమ స్ఫూర్తి లేదు.

దీనికి గృహస్థులు కనిపెట్టిన పరిష్కారం ప్రపంచ భద్రతా నిపుణులు వచ్చి చూడదగ్గది. మిత్రులు సోఫాలో ఉన్నంతసేపు మిషన్ ఆన్ చేయకూడదు. మిత్రులు వెళ్ళిపోయాక ఒక్కడికే పని చేయబుద్ధి కాదు. ఈ రెండు నియమాలను తు.చ. తప్పకుండా పాటిస్తున్నందువల్ల ఇంతవరకు ఒక్క ప్రమాదం కూడా జరగలేదు.

పనిముట్ల కొనుగోలు గురించి చెప్పుకోవాలి, ఎందుకంటే ఉద్యమంలో అసలు చురుకుదనం ఉన్నది అక్కడే. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఒక శనివారం తిరిగితే గృహస్థు ముఖంలో పెళ్ళిచూపుల నాటి వెలుగు కనిపిస్తుంది. బెంచ్ వైస్, నాలుగంగుళాల గ్రైండరు, పద్నాలుగంగుళాల కటింగ్ మిషన్, 200 ఆంపియర్ల ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్. పంజాబ్‌లోని బటాలాలో చేసిన, వాడి పడేసిన ఒక లేత్, దాన్ని బండిలోంచి దించడానికి ఆరుగురు మనుషులు. గుండ్రటి కడ్డీ బరువు లెక్కకట్టే సూత్రం కూడా అక్కడే నేర్చుకుంటాడు. మిల్లీమీటర్లలో వ్యాసాన్ని వర్గం చేసి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. పన్నెండు ఎంఎం కడ్డీ అయితే 0.888. ఈ అంకెను ఆయన ఆఫీసు లంచ్‌లో, పెళ్ళి పందిట్లో, ఒకసారి పరామర్శకు వెళ్ళిన ఇంట్లో కూడా చెప్పాడు. ఆయన కొన్న కడ్డీలు మాత్రం ఇంకా లారీ దించినచోటే ఉన్నాయి.

ఇక రక్షణ సామగ్రి. వెలుతురు పడగానే దానంతటదే నల్లబడే హెల్మెట్టు, తోలు ఏప్రన్, మోచేతుల దాకా గ్లోవ్స్, ముందు ఉక్కు టోపీ ఉన్న బూట్లు. ఇవన్నీ వేసుకుని గృహస్థు సెల్ఫీ తీసుకుంటాడు. ఆ పక్కనే హవాయి చెప్పులతో కింద కూర్చుని, గృహస్థు అతికించలేక వదిలేసిన ముక్కకు ఉస్తాద్ టాకా వేస్తుంటాడు. ఫోటోలో ఆయన రాకుండా కాస్త పక్కకు జరగమంటారు. ఒకసారి మిత్రబృందం ఆ మంటను నల్ల అద్దం లేకుండా దగ్గర్నుంచి వీడియో తీసింది. ఆ రాత్రి రెండింటికి అందరికీ ఒకేసారి కళ్ళలో ఇసుక పోసినట్టు మంటలు. వాట్సాప్ గ్రూపులో అంత ఐకమత్యం అంతకుముందు ఎప్పుడూ కనపడలేదు. ఉస్తాద్‌కు ఫోన్ చేస్తే, "ఆలుగడ్డ చక్రాలు కోసి కళ్ళ మీద పెట్టుకోండి సార్, పొద్దుటికి డాక్టర్ దగ్గరికి పోండి" అని పడుకున్నాడు.

చట్టం సంగతి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి పది దాటాక 45 డెసిబెళ్ళు మించకూడదు. గ్రైండరు ఇనుము మీద పెడితే దగ్గర దగ్గర వంద. కాలనీ సంక్షేమ సంఘం అత్యవసర సమావేశం పెట్టింది. మూడు గంటల చర్చ తర్వాత కుదిరిన రాజీ ఏమిటంటే, ఆదివారం పదకొండు నుంచి పన్నెండు దాకా మాత్రమే మిషన్లు నడపాలి. అడ్డా మీద సమయ పరిమితి ఏమీ లేదు. బయటికి వచ్చాక గృహస్థు చాలా బాధ నటించాడు. తీర్పు తనకు ఇంత అనుకూలంగా వస్తుందని ఆయన ఊహించలేదు.

ఇదంతా పాశ్చాత్యుల అనుకరణ అని, అమెరికాలో కారు షెడ్డును చూసి వాత పెట్టుకుంటున్నామని అనేవాళ్ళకు చరిత్ర తెలియదు. ఇనుము దగ్గర అడ్డా మన సొత్తు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసే ఉక్కు కోసం పర్షియాలోని ఇస్ఫహాన్ నుంచి వర్తకుడు వచ్చేవాడని, తూకాలు దగ్గరుండి చూసుకునేవాడని 19వ శతాబ్దం తొలి దశకాల్లో ఆ ఊరు చూసిన ఇంగ్లిషు పరిశోధకుడు వోయ్‌సే రాశాడు. ఇస్ఫహాన్ నుంచి కోనసముద్రం దాకా వచ్చి ఒకరి వర్క్‌షాపులో కూర్చున్న మనిషిని మించిన అతిథి ఎవరుంటారు? ఊళ్ళలో కమ్మరి కొలిమి దగ్గర కూడా అంతే. ఏరువాకకు ముందు నాగలి కర్రు సాగదీయించుకోవడానికి రైతులు వరస కట్టేవాళ్ళు. కర్రు కాలేదాకా వానల గురించి, అప్పుల గురించి, ఊళ్ళో ఎవరి పిల్ల ఎవరితో మాట్లాడిందన్న దాని గురించి కూలంకషంగా చర్చ. ఒకడు తిత్తి లాగేవాడు, ఒకడు సమ్మెట వేసేవాడు. ఊరికే కూర్చోనిచ్చేవాళ్ళు కారు. పంట వచ్చాక కమ్మరికి కళ్ళంలోనే మేర, అంటే అతని వాటా ధాన్యం, కొలిచిచ్చేవాళ్ళు. సోఫా లేదు, ఏసీ లేదు, దాన్ని అడ్డా అని ఎవరూ అనలేదు.

ఇప్పుడా కొలుములు చాలా ఊళ్ళలో చల్లారాయి. కర్రు పని ట్రాక్టరుకు పోయింది, కొడవళ్ళ పని కోత మిషనుకు పోయింది. ప్రభుత్వం ఊరుకోలేదు. 2023 సెప్టెంబర్ 17న, విశ్వకర్మ జయంతి రోజున, పీఎం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. పద్దెనిమిది వృత్తుల్లో కమ్మరం కూడా ఉంది. పనిముట్లకు 15,000 రూపాయలు ఇస్తారు, అయిదు శాతం వడ్డీకి అప్పు కూడా ఇస్తారు. తరతరాలుగా ఇనుము కొట్టినవాడి పనిముట్లకు పదిహేను వేలు. మన గృహస్థు సోఫాకు దిండ్లు, దానికెదురుగా గోడకు తగిలించిన పాత లారీ స్టీరింగు, ఎర్ర దీపాల దండ కలిపి అంతకంటే ఎక్కువే అయ్యాయి. ఈ వ్యత్యాసాన్ని కొందరు అన్యాయం అంటారు. ఈ వ్యాసకర్త అలాంటి తొందరపాటు మాటలు అనడు. కమ్మరికి పని ఉంది కాబట్టి తక్కువ సాయం సరిపోతుంది. పని లేనివాడికే కదా ఎక్కువ సరంజామా కావాలి.

ఉత్పత్తి వివరాలు కూడా ప్రజల ముందు పెట్టడం ధర్మం. ఈ షెడ్డు నుంచి ఇంతవరకు వెలువడినవి: వెల్డింగ్ మిషన్ పెట్టుకోవడానికి ఒక స్టాండు, గ్రైండరు తగిలించడానికి ఒక కొక్కెం, వెల్డింగ్ రాడ్లు వేసుకునే గొట్టం, సీసా మూత తీసే పరికరం. గమనిస్తే, ఈ వర్క్‌షాపు తన అవసరాలు తానే తీర్చుకుంటోంది. స్వావలంబన అంటే ఇదే. ఇంటికోసం చేసింది ఒకే ఒక్కటి, తులసి కుండీకి స్టాండు. మూడు కాళ్ళు నేలకు ఆనుతాయి, నాలుగోది ఆలోచిస్తూ ఉంటుంది. గృహిణి దాన్ని చూసి, "ఏమండీ, బాగుంది. కింద ఒక అట్టముక్క పెడితే సరిపోతుంది" అన్నారు. ఆ అట్టముక్క ఇప్పటికీ వాన పడ్డప్పుడల్లా మారుస్తున్నారు.

ఈ ఉద్యమానికి ఖర్చు వల్ల గానీ, చట్టం వల్ల గానీ, సంక్షేమ సంఘం వల్ల గానీ ముప్పు లేదు. ముప్పంతా పని తెచ్చేవాళ్ళతో. మొన్న ఆదివారం సరిగ్గా పదకొండున్నరకు, అంటే మిషన్లకు అనుమతి ఉన్న సమయంలోనే, మూడో ఇంటి పెద్దాయన విరిగిన గేటు మడతబందు చేత్తో పట్టుకుని షెడ్డు ముందు నిలబడ్డాడు.

"బాబూ, మీ దగ్గర వెల్డింగ్ మిషన్ ఉందట కదా. రెండు నిమిషాల పని."

సోఫాలో మాటలు ఆగిపోయాయి. క్రికెట్ స్కోరు చదువుతున్న మిత్రుడు ఫోన్ కిందికి దించాడు. లోపల మిషన్ ఉంది, రాడ్లున్నాయి, కరెంటు ఉంది, సంఘం అనుమతి ఉంది, తోలు ఏప్రన్ ఇస్త్రీ చేసి కొక్కానికి వేలాడుతోంది.

గృహస్థు ఒక్క క్షణం ఆ బందును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది కాస్త స్పెషల్ మెటీరియల్ అంకుల్. లో-వోల్టేజీలో పట్టదు," అన్నాడు. "మా ఉస్తాద్ నంబర్ పంపిస్తాను, ఆయనకైతే ఇవన్నీ అలవాటే. మీరు రండి ముందు, కూర్చోండి. టీ తాగుతారా?"

పెద్దాయన బందును లేత్ మిషన్ మీద పెట్టి కూర్చున్నాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం వస్తున్నాడు. తనకూ ఇంటి వెనకాల పదిహేను అడుగుల ఖాళీ స్థలం ఉందని, రేకులకు ఎంతవుతుందని వాకబు చేస్తున్నాడు.