సవరణ: సమాజ సేవ కాథలిక్ విద్యార్థులకు మాత్రమే కాదు

బెంగళూరులోని కాథలిక్ ఉన్నత పాఠశాలల్లో పిల్లలచేత చేయించే సమాజ సేవ గురించి పోయిన వారం రాస్తూ, అది చర్చి తరఫున నడిచే కార్యక్రమమనీ, ఇతర మతాల పిల్లలు ఇష్టం లేకపోతే మానుకోవచ్చనీ అన్నాను. అది నా పొరపాటు.

ఐసీఎస్ఈ అనే పదో తరగతి పరీక్షకు పిల్లల్ని పంపే బడుల్లో, యాజమాన్యం ఎవరిదైనా సరే, సామాజిక ప్రయోజనం గల ఉత్పాదక పని, సమాజ సేవ (పిల్లల భాషలో ఎస్‌యూపీడబ్ల్యూ) అందరికీ తప్పనిసరి. దానికి పాఠశాలే గ్రేడు ఇస్తుంది; అందులో గట్టెక్కకపోతే, మిగతా సబ్జెక్టుల్లో ఎన్ని మార్కులు వచ్చినా పదో తరగతి ఉత్తీర్ణతా పత్రం రాదు. ఈ మాట బోర్డు నిబంధనల్లోనే ఉన్నా, మా అబ్బాయి క్లాసు టీచరు చూపించేదాకా నేను చదవలేదు. ఈ భావనను ముందుకు తెచ్చింది 1977 నాటి ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ గనుక, దాని మూలాన్ని సత్యోపదేశ తరగతుల్లో (కాథలిక్ పిల్లలకు మత బోధన చేసే తరగతుల్లో) వెతకడం సరికాదు.

మరొక చిన్న సవరణ. మావాడు ఈ సేవకు వెళ్లిన హోసూరు రోడ్డులోని వృద్ధాశ్రమాన్ని నడిపేది మదర్ థెరిసా స్థాపించిన సన్యాసినుల సభ అని రాశాను. నిజానికి అది 1839లో ఫ్రాన్సులో జాన్ జుగాన్ ప్రారంభించిన లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ సభవారిది. మావాడు అక్కడి వంటింట్లో ఒక పూటంతా కూర్చుని అనపకాయలు ఒలిచాడన్నది మాత్రం నిజమే, ఇంట్లో తిన్న కంచం కూడా తీయడన్నది వేరే సంగతి.

పాత టపాలో ఈ రెండు వాక్యాలనూ మార్చాను.