గడ్డిని చంపే మందుకు సొంత గడ్డేదో, పరాయి గడ్డేదో తెలియదు

గడ్డిజాతి కలుపును మాత్రమే చంపే మందులు ఉన్నాయి కాబట్టి స్థానిక మొక్కలకు ఢోకా లేదనే నమ్మకం చాలామందిలో ఉంది. అందులో సగమే నిజం. ఫ్లుయాజిఫాప్, క్లెథోడిమ్, క్విజాలోఫాప్ లాంటి మందులు గడ్డిలో కొవ్వు ఆమ్లాల తయారీకి కావాల్సిన ఏసీకేస్ ఎంజైమును అడ్డుకుంటాయి. వెడల్పాకు మొక్కల్లో ఆ ఎంజైము వేరే రూపంలో ఉంటుంది కనుక అవి తట్టుకుంటాయి. తుంగ కూడా చావదు, అది గడ్డి కుటుంబం కాదు మరి. కానీ కాపాడుకోవాల్సిన వాటిలో స్థానిక గడ్లు ఉంటే వాటికీ ఇదే గతి. ఫెస్క్యూ అనే గడ్డిజాతిలో కొన్ని సన్నాకు రకాలు తప్ప చాలావరకు దెబ్బతింటాయి.

అలాంటిచోట మందు పేరు కన్నా కొట్టే అదునే ముఖ్యం. అమెరికా పశ్చిమ ప్రాంతాల్లో చీట్‌గ్రాస్ అనే పరాయి గడ్డి ఎక్కువగా శరదృతువులో మొలుస్తుంది. అక్కడి బహువార్షిక గడ్లు ఎండి నిద్రాణంగా ఉండి, ఇది ఒక్కటే పచ్చగా కనిపించే రోజులు కొన్ని ఉంటాయి. పచ్చగా ఉన్న ఏ మొక్కనైనా చంపే గ్లైఫోసేట్ వాడదగ్గది అప్పుడే. అమెరికా, మెక్సికోల్లోని సొనోరా ఎడారిని ఆక్రమించిన బఫెల్ గడ్డి సంగతి వేరు. వాన పడి పచ్చబడితేనే అది మందు పీల్చుకుంటుంది, ఎండుగడ్డి మీద కొడితే డబ్బు దండగ. మేతకు పేరున్న అంజన్ గడ్డి కూడా ఇదే, ఒకచోట వరం, ఇంకోచోట నిప్పు.

ట్యాంకులో బురద నీళ్లు పోయకూడదు, గ్లైఫోసేట్ మట్టి రేణువులకు అతుక్కుని పనిచేయదు. నీళ్లు కఠినమైతే ముందు లీటరుకు 20 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్ కరిగించి, ఆ తర్వాతే మందు కలపాలి. దుబ్బు దుబ్బుకూ విడిగా కొట్టేటప్పుడు 41 శాతం గ్లైఫోసేట్‌ను సాధారణంగా లీటరుకు 20 మి.లీ. కలుపుతారు. అంతిమంగా లేబుల్ మీద ఉన్నదే లెక్క. గడ్డి మందుల్లో లేబుల్ అడిగినచోట స్ప్రెడర్ (మందు ఆకు మీద పరుచుకునేలా చేసే ద్రవం) లీటరుకు 2.5 మి.లీ. వేస్తారు. ఒకేసారి వెడల్పాకు కలుపూ పోతుందని వీటిలో 2,4-డి కలిపితే గడ్డి మీద పట్టు తగ్గుతుంది. ఎండకు వడలిన గడ్డి మీదా అంతే.

ఈ గడ్డి మందులు కొట్టాక నాలుగో రోజుకు ఆకు ఇంకా పచ్చగానే ఉందని రెండోసారి కొట్టేవాళ్లు ఉంటారు. అది తొందరపాటు. వారం పది రోజులకు మొవ్వు పట్టి లాగి చూడండి. మొదలు గోధుమ రంగుకు తిరిగి, కుళ్లి, సులువుగా ఊడివస్తే మందు పనిచేసినట్టే. పైఆకు ఎండడానికి రెండు మూడు వారాలు పడుతుంది.

గాలి గంటకు 5 నుంచి 15 కిలోమీటర్ల మధ్య ఉంటే మేలు. ఆకు కదలని తెల్లవారుజాము భద్రం అనిపిస్తుంది గానీ, అప్పుడు నేలను ఆనుకున్న చల్లగాలి సన్న తుంపరలను పట్టి ఉంచి దూరం మోసుకుపోతుంది. పెద్ద చుక్క పడే నాజిల్, తక్కువ ఒత్తిడి వాడాలి. స్థానిక మొక్కల నడుమ గడ్డి పొడుగ్గా నిలిస్తే పిచికారీ వద్దు. ఒక పాలు గ్లైఫోసేట్ మందు, రెండు పాళ్ల నీళ్లతో తడిపిన వత్తితో పైఆకులకే పూయాలి. వత్తి నుంచి చుక్కలు కారుతున్నాయంటే కింద మొక్క పోయినట్టే.

ఎంత గడ్డి ఎండిందో ఫొటో తీసి ఫలితం అనేయడం సరికాదు. కొట్టకముందు గుర్తు పెట్టిన చదరపు మీటరులో స్థానిక మొక్కలు ఎన్ని ఉన్నాయో లెక్కరాసి, మరుసటి ఏడాది అదే చోట మళ్లీ లెక్కపెట్టాలి. ఖాళీ అయిన నేలలో ముందుగా లేచేది మిగిలిన గడ్డి విత్తనమే. దాన్ని ఆపడానికి, విత్తనాలను మొలవనివ్వని ఇండాజిఫ్లామ్ మందు వాడితే ఆ నేలలో స్థానిక విత్తనాలూ మొలవవు. కాబట్టి విత్తనం చల్లాలనుకున్న జాగాను ముందే వేరుచేసి, అక్కడ మొలకలను చేత్తో పీకించాలి.