ఆటోమేటిక్ గారికి అర్ధరాత్రి విన్నపం

మహారాజశ్రీ డిస్కులు కాపీ చేసి బొమ్మ అచ్చేసే ఆటోమేటిక్ మిషన్ గారి సముఖానికి,

నల్లగొండ గడియారం సెంటర్ పక్క సందులోని ఫోటో స్టూడియో నుంచి తమ కరెంటు బిల్లు కట్టేవాడు రాసుకునే విన్నపం. నిన్న రాత్రి తమకు బాగా నిద్ర పట్టి ఉంటుంది. పని మాత్రం చేయలేదు కాబట్టి అలా అనుకుంటున్నాను.

చెరువుగట్టు జాతరకు భజన మండలి వాళ్లు 100 డీవీడీలు చెప్పారు. పెన్‌డ్రైవ్‌లో ఇస్తానంటే పెద్దాయన ఒప్పుకోలేదు. "అది యాడ పెట్టాలె బిడ్డా? మా టీవీ కింది డబ్బాల పళ్లెమే పడ్తది. ఫోన్ల ఏస్తే మనుమడు గేములాడుకుంట గుంజుకుంటడు." సరే, తమరుండగా భయమెందుకని అడ్వాన్స్ తీసుకున్నాను. సాయంత్రం 7 గంటలకు వంద ఖాళీ డిస్కులు పేర్చి, అగరుబత్తి కూడా చూపించి షట్టర్ దించాను.

పొద్దున 7కి వస్తే అయినవి పన్నెండే.

పదమూడోది ఎత్తబోతే రెండు అతుక్కుని వచ్చాయి. రెండూ డిస్కులు రాసే డ్రైవు ట్రేలో పడ్డాయి. ట్రే మూసుకోబోయి సగంలో ఇరుక్కుంది. ఇక తెల్లారేదాకా తమరు ఎర్ర లైటు వెలిగించి ఆర్పుతూ కూర్చున్నారు. దించిన షట్టర్ వెనక ఆ లైటు ఎవరికోసమండీ? బల్లులకా?

తప్పు నాదే. కొనే రోజు నా ముందు రెండు మిషన్లున్నాయి. ఒకటి టవర్: డ్రైవుల మీద డ్రైవులు, కంప్యూటర్ కూడా అక్కర్లేదు. పైన మాస్టర్, అంటే కాపీ తీయాల్సిన అసలు డిస్కు, కింద ఏడు ఖాళీవి పెట్టి బటన్ నొక్కితే చాలు. రెండోది తమరు. నిండు డీవీడీ, అంటే 4.7 జీబీ, 16 ఎక్స్ స్పీడులో రాయడానికి ఆరు నిమిషాలు పడుతుంది. పెట్టడం తీయడం కలిపితే ఏడు అనుకుందాం. ఆ టవర్ వందను 15 విడతల్లో, రెండు గంటల లోపే ముగిస్తుంది. తమకున్నది ఒకే ఒక్క డ్రైవు. వందకు 700 నిమిషాలు, పన్నెండు గంటలకు ఇరవై నిమిషాలు తక్కువ. నాలుగో తరగతి లెక్క. షాపులో ఎందుకు చేయలేదంటే, తమ చేయి పైకి లేచి, డిస్కు నడిమి బెజ్జంలో వేళ్లు పెట్టి ఎత్తి, మెల్లగా ట్రేలో పెట్టి, రాశాక ప్రింటర్‌కు అందిస్తుంటే తిరునాళ్లలో రంగులరాట్నం ముందు పిల్లాడిలా నోరు తెరుచుకుని నిలబడ్డాను. "మీరు ఇంటికి పోయి పండుకోండి సార్, తెల్లారేసరికి అంతా రెడీ" అన్నాడు అమ్మేవాడు. ఆ మాటకే డబ్బు కట్టాను.

మధ్యలో కరెంటు పోతే సగం రాసిన డిస్కు ఇక జొన్న చేలో పిట్టలను బెదరగొట్టడానికే పనికొస్తుంది. అది కరెంటోళ్ల ఖాతా, తమ మీద వేయను. ఇంక్ సంగతి మాత్రం తమదే. మూడు రంగులకూ ఒకే డబ్బా. ఒకటి అయిపోతే మిగతా రెండూ చెత్తలోకి. నిన్న వచ్చిన పన్నెండులో చివరి నాలుగింటి మీద ఎరుపూ పసుపూ ఎగ్గొట్టి స్వామిని మొత్తం నీలంగా అచ్చేశారు. ఆయన నీలకంఠుడని నాకూ తెలుసు. కంఠం వరకేనండీ!

కానీ ఆ అతుక్కోవడం ఉంది చూడు, అది నాకు మింగుడు పడటం లేదు. దొంతరగా వచ్చిన డిస్కులు కాబట్టి ముందే పేకముక్కల్లా అల్లాడించి విడదీయాలట. ఇవాళ మిగిలిన ఎనభై ఎనిమిదినీ ఒక్కొక్కటిగా విడదీశాను, వడియాలు ఒలిచినట్టు. ఒక్కొక్కటీ నా చేత్తోనే పట్టుకున్నప్పుడు నీ చేయి దేనికి? ఆటోమేటిక్ అని నీ నుదుటిమీద రాసుకోవడానికి సిగ్గుండాలి. మా ఆవిడ ఫోన్ చేసి "అది ఆటోమేటిక్ అయితే నువ్వెందుకు కూసున్నవ్ అక్కడ?" అని అడిగింది. ఏం చెప్పను? పసిపిల్ల దగ్గర కూర్చున్నట్టు దీని దగ్గర కూర్చున్నా అని చెప్పాను. పెట్టేసింది.

ఇప్పుడు రాత్రి ఒంటిగంట. కొత్త ఇంక్ వేశాను. స్టూలు వేసుకుని నీ ఎదురుగానే ఉన్నాను, పక్కన ఫ్లాస్కు నిండా చాయ్. నలభై ఒకటి అయ్యాయి. నిజం చెప్పాలంటే, ఆ చేయి వంగి డిస్కును ట్రేలో దించే తీరు ఇప్పటికీ ముద్దొస్తుంది. చప్పుడు కూడా రాదు.

ఆగు, మళ్లీ లేస్తున్నావు. ఒక్కటే ఎత్తు నాయనా. ఒక్కటే.