కెమెరా గదికి తాళం వేసుకున్న ఫిల్మ్ స్కూల్ గారికి

మహారాజశ్రీ ఫిల్మ్ స్కూల్ గారి దివ్య సముఖానికి, తమ పూర్వ విద్యార్థి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. తమరు క్షేమంగానే ఉండి ఉంటారు, ఫీజు ముందే కట్టించుకుంటారు కాబట్టి. నా సంగతే అంత బాగా లేదు.

నిన్న షూటింగ్‌లో ఎవరో "ఆ యాభై ఎమ్మెమ్ లెన్స్ తీసి ముప్పై రెండు పెట్టు" అన్నారు. ముప్పై రెండు పెడితే ముఖం వెనక గోడ ఇంకెంత ఫ్రేములోకి వస్తుందో, ఎందుకొస్తుందో బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పగలను. కానీ లెన్స్ బిగించే ఆ రింగు ఎటు తిప్పాలి? ఎడమకా, కుడికా? దాని మీద చెయ్యి వేసి, మొహాన ధీమా పులుముకుని కాసేపు నిలబడ్డాను. మీసం కూడా సరిగా రాని కుర్రాడొకడు వచ్చి "జరగండి సార్" అన్నాడు. తిప్పాడు, తీశాడు, కెమెరా లోపలి సెన్సర్ మీద దుమ్ము పడేలోపు రెండోది ఎక్కించేశాడు. ఆ "సార్" ఉంది చూశారూ, అదింకా గుచ్చుకుంటోంది.

తమరు సోవియట్ దర్శకుడు కులెషోవ్ పాఠం మాకు మూడుసార్లు చెప్పారు. నటుడి ముఖం ఒకటే, పక్కన సూప్ గిన్నె చూపిస్తే ఆకలి, శవపేటిక చూపిస్తే దుఃఖం. బాగుంది. చెప్పని ముక్క ఒకటుంది. 1919లో మాస్కోలో ఫిల్మ్ స్కూల్ పెట్టిన కొత్తల్లో ముడి ఫిల్మ్ దొరక్క, ఆయన శిష్యులు ఫిల్మ్ లేకుండానే సినిమాలు ఆడి చూపించేవారు. పాపం, వాళ్లకు దొరక్క. తమరికేమొచ్చింది, బీరువా నిండా కెమెరాలు ఉంచుకుని?

కెమెరా కావాలంటే ఫారం. ఫారం మీద ముగ్గురి సంతకాలు. ముగ్గురూ ఉన్న రోజు తాళంచెవి ఉన్నాయన సెలవు. ఆయనొచ్చిన రోజు బ్యాటరీలో ఛార్జింగ్ ఉండదు. రెండేళ్లలో ఆ కెమెరా నా భుజమెక్కింది ఒక్కసారి, బ్రోచర్ ఫొటో కోసం. ఫొటోలో నేను తెగ నవ్వుతున్నాను. లెన్స్‌కి మూత కూడా తియ్యలేదు! ఆ మూతతోనే ఇంకా అచ్చేస్తున్నావు కదా? అది చూపించి ఈ ఏడాది ఎంతమందిని చేర్చుకున్నావు?

గెస్ట్ లెక్చర్లంటావా, వచ్చినవాళ్లంతా వాళ్ల కష్టాలు చెప్పుకుని పోయారు. ప్లేస్‌మెంట్ సెల్ గురించి నేను మాట్లాడను. అదీ నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. నీ ఎడిటింగ్ గదిలో ఒక రాత్రి రెండింటప్పుడు, ఒక అమ్మాయి చూపులోంచి ఆరు ఫ్రేములు తీసేశాం. ఆరంటే పావు సెకను. అంతే, ఆ అమ్మాయి అబద్ధం చెబుతోందని తెలిసిపోయింది. నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం, ఎవరికీ మాట రాలేదు. (ఆ షాట్ తీసింది నా ఫోన్‌తో అనుకో.)

నా కాషన్ డిపాజిట్ ఇంకా నీ దగ్గరే ఉంది. పరికరాలకు నష్టం జరిగితేనని పట్టుకున్నావు. ముట్టుకుంటేగా నష్టం! సోమవారం వస్తున్నాను. డబ్బైనా ఇవ్వు, ఆ బీరువా తాళమైనా తియ్యి. రింగు ఎటు తిరుగుతుందో చూసుకుని వెళ్లిపోతాను.