ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీ వరండాలోని బెంచీ గారికి

మహారాజశ్రీ బెంచీ గారి సముఖమునకు,

నన్ను గుర్తుపట్టే ఉంటారు. ఎడమ చివర, మేకు పైకి లేచిన చోట కూర్చునేవాణ్ణి. ఆ ఆఫీసులో నా డిగ్రీని ఎవరూ పట్టించుకోలేదు గానీ, మీ మేకు మాత్రం నా ప్యాంటును రెండుసార్లు పట్టుకుంది.

అక్కడ నిరుద్యోగులకు ఆసరా ఇచ్చింది మీరొక్కరే. అదీ మూడు కాళ్ళతో. నాలుగోది ఇటుక. మీ మీద అయిదుగురికి చోటు, పదో తరగతి ఫలితాలొచ్చిన వారం మాత్రం లైను మెట్లు దిగి వేపచెట్టు దాకా పోయేది. ఫ్యాను లోపల, సార్ నెత్తిన. మంచినీళ్ళు రోడ్డవతల జిరాక్స్ షాపులో, రెండు కాపీలు తీయించుకుంటేనే. ఆడపిల్లలు పొద్దున్నుంచీ నీళ్ళే ముట్టేవారు కాదు. ఎందుకో మీకూ తెలుసు, బాత్రూముకు తాళం వేసి చెవి జేబులో పెట్టుకున్న అటెండరుకీ తెలుసు.

సీనియారిటీ అంటే ఏమిటో మీ దగ్గరే నేర్చుకున్నాను. ఎక్కడైనా ఉద్యోగంలో చేరిన రోజు నుంచి లెక్కేస్తారు. ఇక్కడ ఉద్యోగం లేదని రాయించుకున్న రోజు నుంచి. పైగా మూడేళ్ళకోసారి వచ్చి, "ఇంకా ఖాళీగానే ఉన్నాను సార్" అని కార్డు రెన్యువల్ చేయించుకోవాలి. మర్చిపోతే అన్నేళ్ళ ఖాళీ వృథా. మా నాన్న కరెంటు బిల్లు మర్చిపోయేవాడు గానీ, నా కార్డు తేదీకి క్యాలెండర్లో ఎర్ర ఇంకుతో సున్నా చుట్టేవాడు.

అప్పట్లో అమల్లో ఉన్న 1959 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థలు, పాతికమందికి తగ్గకుండా పనిచేసే ప్రైవేటు సంస్థలు ఖాళీల సంగతి ఎక్స్ఛేంజీకి చెప్పి తీరాల్సి ఉండేది. చెప్పకపోతే మొదటి తప్పుకు జరిమానా 500 రూపాయల దాకా ఉండేది. మరి ఎక్స్ఛేంజీ సీనియారిటీ చూసి పంపినవాళ్ళను తీసుకోవాలా? అక్కర్లేదని అదే చట్టంలో ఉండేది. పెళ్ళీడు కొడుకున్నాడని పెళ్ళిళ్ళ పేరయ్యకు చెప్పడం తప్పనిసరి, ఆయన తెచ్చిన సంబంధం చేసుకోవడం మీ ఇష్టం అన్నట్టు.

అయినా నా వంతు దగ్గర పడిందనే అనుకున్నాను. అంతలో 1996లో సుప్రీంకోర్టు తీర్పొచ్చింది, అదీ మన కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ కేసులోనే. ఎక్స్ఛేంజీ పంపినవాళ్ళనే కాదు, పేపర్లో ప్రకటన చూసి దరఖాస్తు పెట్టినవాళ్ళనూ పరిశీలించాలంది. న్యాయమే. కార్డు లేదని ఎవరి నోరూ కొట్టకూడదు. కానీ కార్డు పట్టుకుని మీ మీద కూర్చున్న ఏళ్ళను ఏ ఖాతాలో రాసుకోవాలో లోపలి సార్‌ని అడిగితే, "భోజనం తర్వాత రా" అన్నాడు.

మొన్న మా అమ్మాయిని తీసుకుని వచ్చాను. ఇప్పుడంతా ఆన్‌లైనట, సర్వర్ పనిచేయడం లేదని కూర్చోమన్నారు. మీ కింద ఎర్ర ఇటుక తీసేసి సిమెంటు ఇటుక పెట్టారు, సంతోషం. అమ్మాయి ఎడమ చివరికి వెళ్ళబోతుంటే, "అక్కడొద్దమ్మా, మేకుంటుంది" అన్నాను.

పక్కనున్న కుర్రాడు తలెత్తి, "అంకుల్, మీరు ఇక్కడ స్టాఫా?" అన్నాడు.

ఇట్లు,
తమ విధేయుడు,
గడువు తీరిన కార్డుదారుడు